జెరూసలేం తగవులో దేవుడి వాటా ఎంత?

ప్రశ్న: "ఇజ్రాయెల్–పాలస్తీనా గొడవ నిజంగా మత యుద్ధమేనా? మా మామయ్య అది పూర్తిగా భూమి గొడవ, మతం పైపూత మాత్రమే అంటాడు. నాతోపాటు గ్రూప్స్‌కు చదివేవాళ్లు మాత్రం రెండు వేల ఏళ్ల మతవైరం అంటున్నారు. మతాన్ని పక్కన పెట్టి మాట్లాడుకుంటే తీరిపోతుందా?" (ప్రొద్దుటూరు నుంచి)

కడపలో డిగ్రీ పిల్లలకు చాలా ఏళ్లు రాజనీతిశాస్త్రం చెప్పాను. ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ వచ్చేది, గాజా వార్తల్లోకి వచ్చినప్పుడల్లా ఇంకా గట్టిగా వచ్చేది. మీ మామయ్య చెప్పినదాంట్లో సగం కంటే ఎక్కువే నిజముంది. "పైపూత" అన్న మాట ఒక్కటే నేను ఒప్పుకోను. మీ స్నేహితుల వాదన మాత్రం మొదటి అడుగులోనే కూలిపోతుంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

ఇస్లాం పుట్టి సుమారు 1400 ఏళ్లు. అప్పుడే రెండు వేల ఏళ్ల లెక్క తప్పింది. ఆ 1400 ఏళ్లలోనూ యూదులకు పెద్ద గండాలు ఎక్కువగా వచ్చింది క్రైస్తవ యూరప్‌లో. 1492లో స్పెయిన్ యూదుల్ని దేశం నుంచి గెంటేస్తే, వాళ్లలో చాలామందికి చోటిచ్చింది ఒట్టోమన్ సుల్తాను రెండో బాయజీద్. ముస్లిం రాజ్యాల్లో వాళ్లు సమాన పౌరులని నేను అనడం లేదు. జిజియా పన్ను కట్టాలి, చట్టం ముందు ఒక మెట్టు కిందే ఉండాలి, అప్పుడప్పుడు దాడులు కూడా జరిగాయి. కానీ జెరూసలేంలో ఈ రెండు మతాలవాళ్లు తరతరాలుగా ఒకే వీధుల్లో బతికారు. ఇప్పుడు మనం చూస్తున్న తగవు వయసు 130 ఏళ్లకు కాస్త అటూ ఇటూ, అంతే.

దాన్ని మొదలుపెట్టినవాళ్లలో భక్తులు తక్కువ. ఇది చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. యూదులకు సొంత దేశం కావాలని 1897లో మొదటి జియోనిస్ట్ మహాసభ పెట్టిన థియోడర్ హెర్జల్ ఒక పాత్రికేయుడు, మతాచారాలు పెద్దగా పట్టించుకునే మనిషి కాదు. ఆ సభ మ్యూనిక్‌లో జరగాల్సింది. అక్కడి యూదు సమాజం, జర్మనీ రబ్బీలు (యూదు మతగురువులు) ఒప్పుకోకపోవడంతో స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌కు మార్చుకున్నారు. రబ్బీల అభ్యంతరాలు రెండు రకాలు. మేం జర్మన్ పౌరులం, మాకు వేరే దేశం ఎందుకని కొందరు. దేవుడు పంపే రక్షకుడు మెస్సయ్య వచ్చేదాకా జనం మూకుమ్మడిగా, బలవంతంగా ఆ నేలకు వెళ్లకూడదని మన ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఉంది కదా, దేవుడి పని మీరెవరు చేయడానికని సనాతనులు. ఈ రెండో వాదన పట్టుకున్న యూదులు ఇప్పటికీ ఉన్నారు. జెరూసలేంలోనే నివసిస్తూ ఇజ్రాయెల్ రాజ్యాన్ని గుర్తించనివాళ్లు వాళ్లలో ఉన్నారు.

ఇంకో సంగతి. 1903లో బ్రిటన్ యూదులకు తూర్పు ఆఫ్రికాలో కొంత భూమి ఇస్తానంది. ఉగాండా పథకమని పేరు, నిజానికి ఆ చోటు ఇప్పటి కెన్యాలో ఉంది. సభలో దానికి అడ్డుపడింది ఎవరనుకుంటున్నారు? రష్యా నుంచి వచ్చిన జియోనిస్టులు, ఎక్కువమంది మతం పట్టనివాళ్లు. మతపరమైన మిజ్రాహీ పార్టీలో ఎక్కువమంది దానికి అనుకూలంగా ఉన్నారు! జనం ప్రాణాలు దక్కడమే ముఖ్యం, పవిత్రభూమి సంగతి దేవుడు చూసుకుంటాడన్నది వాళ్ల లెక్క. చివరికి 1905లో ఆ పథకం పడిపోయింది. దేవుణ్ణి నమ్మనివాడు కూడా జెరూసలేం తప్ప వేరే ఊరు వద్దన్నాడంటే, నమ్మకం గుళ్లోనే కాదు, జాతి జ్ఞాపకంలో కూడా ఉంటుందన్నమాట. అందుకే నేను "పైపూత" అనను.

ఇక భూమి. మన రాయలసీమవాళ్లకు ఈ భాగం వేరే ఎవరికన్నా బాగా అర్థమవుతుంది. 1920లలో పాలస్తీనాలోని జెజ్రీల్ లోయలో పెద్ద పెద్ద భూములు బేరూట్‌లో ఉండే సుర్సోక్ అనే కుటుంబం చేతిలో ఉండేవి. వాళ్లు ఆర్థడాక్స్ క్రైస్తవులు, అరబ్బులు. ఆ భూముల్ని యూదు సంస్థలకు మంచి ధరకు అమ్మేశారు. దున్నుతున్నది అరబ్ కౌలు రైతులు. కొన్నవాళ్లకు భూమి ఖాళీగా కావాలి, తమవాళ్లే సాగు చేయాలి. దాంతో తాతల నాటినుంచి ఆ చేలల్లో ఉన్నవాళ్లు మూటాముల్లె సర్దుకోవాల్సి వచ్చింది. అమ్మింది క్రైస్తవుడు, కొన్నది యూదుడు, వీధిన పడ్డవాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. ఇందులో మత సిద్ధాంతం ఏ మూల ఉంది? ఎక్కడో పట్నంలో ఉండే భూస్వామి, కాగితం లేని కౌలుదారు, రేటు చూసి చేతులు మారిన పొలం. కథ మనకు కొత్తేం కాదు.

అయితే ఆ రైతులు హైఫా రేవుకు కూలికి పోయారు, ఊరి చివర రేకుల గుడిసెల్లో ఉన్నారు. అక్కడ వాళ్లను పలకరించింది ఒక మసీదు బోధకుడు, షేక్ ఇజ్జుద్దీన్ అల్ కస్సామ్. సిరియా నుంచి వచ్చినవాడు, అంతకుముందు ఫ్రెంచివాళ్ల మీద పోరాడినవాడు. చదువు రానివాళ్లకు రాత్రి బడి పెట్టాడు, నమాజు నేర్పాడు, తుపాకీ కూడా పట్టించాడు. 1935 నవంబరులో, అప్పట్లో పాలస్తీనాను ఏలుతున్న బ్రిటిష్‌వాళ్ల పోలీసులు అతణ్ణి కాల్చి చంపారు. మరుసటి ఏడాదే అరబ్ తిరుగుబాటు మొదలై 1939 దాకా సాగింది. హమాస్ సాయుధ విభాగం ఇప్పుడు పెట్టుకున్న పేరు ఆయనదే. నన్నడిగితే మీ ప్రశ్నకు జవాబు ఈ ఒక్క మనిషి జీవితంలోనే ఉంది. కడుపుమంట పొలం పోయినందుకు. దాన్ని ఓర్చుకోవాలో, చావుకు తెగించాలో చెప్పిన భాష మాత్రం మతానిది. పొలం పోయిన కోపాన్ని డబ్బుతోనో వేరే పొలంతోనో చల్లార్చే వీలుంది. ఆ భాషలోకి మారాక ఆ వీలు తగ్గిపోయింది.

మతం నేరుగా నిప్పంటించిన సందర్భాలూ ఉన్నాయి, దాచక్కర్లేదు. 1928లో యూదుల పవిత్ర దినం యోమ్ కిప్పూర్ రోజు, జెరూసలేంలో వాళ్లు ప్రార్థించే పశ్చిమ గోడ దగ్గర ప్రార్థనలో ఆడా మగా మధ్య యూదులు ఒక తెర కట్టారు. ఇవాళ తెర, రేపు గోడ, ఎల్లుండి ఆ గోడ వెనకే ఉన్న మా అల్ అక్సా మసీదు అని ముస్లింలకు అనుమానం. పోలీసులు బలవంతంగా తెర లాగేశారు. మరుసటి ఏడాది ఆగస్టుకు అది పెద్ద మారణకాండ అయింది. 133 మంది యూదులు, 116 మంది అరబ్బులు చనిపోయారు. ఒక్క హెబ్రోన్‌లోనే 67 మంది యూదులు హతమయ్యారు. అదే హెబ్రోన్‌లో చాలామంది యూదుల్ని తమ ఇళ్లలో దాచి కాపాడింది అరబ్ ఇరుగుపొరుగువాళ్లు. వాళ్లూ రోజుకు ఐదుసార్లు నమాజు చేసేవాళ్లే.

1947 విభజన తీర్మానం, 1948 యుద్ధం, ఏడు లక్షలకు పైగా పాలస్తీనియన్లు ఊళ్లు వదిలిపోవడం మీ సిలబస్‌లోనే ఉంటాయి, మళ్లీ చెప్పను. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత ఇరవై ముప్పై ఏళ్లు రెండు పక్కలా పగ్గాలు మతం పట్టనివాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. ఇజ్రాయెల్‌ను నడిపింది బెన్ గురియన్ లాంటి సోషలిస్టులు. పాలస్తీనా పక్కన విమానాల హైజాక్‌లతో ప్రపంచాన్ని వణికించిన పాపులర్ ఫ్రంట్‌ను పెట్టింది జార్జ్ హబష్, లిద్దా ఊరి క్రైస్తవుడు, మార్క్సిస్టు. మత యుద్ధమే అయితే ఈ మనిషిని ఏ గడిలో పెడతారు?

మలుపు 1967 జూన్. ఆరు రోజుల్లో తూర్పు జెరూసలేం, వెస్ట్ బ్యాంక్, గాజా, సినాయ్, గోలన్ ఇజ్రాయెల్ చేతికొచ్చాయి. దానికి మూడు వారాల ముందే రబ్బీ ఝ్వి యెహుదా కుక్ తన శిష్యుల ముందు, మన హెబ్రోన్ ఏది, మన జెరికో ఏది అని గొంతెత్తి వాపోయాడు. యుద్ధం గెలిచాక ఆ శిష్యులకు ఆయన మాట జోస్యంలా కనిపించింది. ఆయన తండ్రి పెద్ద కుక్, లౌకికవాదులైన యూదులు కూడా తెలియకుండానే దేవుడి పని చేస్తున్నారని అంతకుముందే చెప్పి ఉన్నాడు. ఆ ఆలోచన లోంచే 1974లో గుష్ ఎమునీమ్ ఉద్యమం పుట్టి, వెస్ట్ బ్యాంక్ కొండల మీద యూదు కాలనీలు కట్టించే పని ఎత్తుకుంది.

కానీ ఆ జూన్‌లోనే ఇంకోటి కూడా జరిగింది. అల్ అక్సా ప్రాంగణంలోని డోమ్ ఆఫ్ ద రాక్ మీద సైనికులు ఎగరేసిన ఇజ్రాయెల్ జెండాను రక్షణమంత్రి మోషే దయాన్ దింపించాడు. ఆ ప్రాంగణం నిర్వహణ ముస్లిం వక్ఫ్‌కే వదిలేశాడు. ప్రధాన రబ్బీలు ఇంకా ముందుకెళ్లి యూదులు ఆ ప్రాంగణంలోకి అడుగు పెట్టరాదని బోర్డు పెట్టించారు. అక్కడ ఒకప్పుడున్న యూదుల పాత ఆలయ గర్భగుడి కచ్చితంగా ఎక్కడుండేదో తెలియదు, తెలియక తొక్కితే మహాపాపమని. చూశారా, మరీ పవిత్రమైన చోటు కాబట్టే అక్కడికి వెళ్లొద్దని మతం చెప్పింది. ఇవాళ అదే చోటు పవిత్రం కాబట్టి వెళ్లి తీరాలంటున్నవాళ్లూ రబ్బీలే. గ్రంథం మారలేదు. ఏ పేజీ తెరవాలన్నది మారింది, అది మార్చింది రాజకీయం.

ముస్లింల పక్కన కూడా అంతే. 1969 ఆగస్టులో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక క్రైస్తవుడు, మతిస్థిమితం సరిగా లేనివాడు, అల్ అక్సాకు నిప్పు పెట్టాడు. నెల తిరిగేసరికి మొరాకోలోని రబాత్‌లో చాలా ముస్లిం దేశాలు సమావేశమయ్యాయి. అందులోంచే ఇస్లామిక్ దేశాల సంస్థ వచ్చింది. (మన దేశాన్ని పిలిచి, పాకిస్తాన్ పట్టుబట్టడంతో మన ప్రతినిధుల్ని బయటే కూర్చోబెట్టిన ముచ్చట కూడా ఆ సమావేశంలోదే. గ్రూప్స్‌లో అడిగే అవకాశముంది.) అప్పటిదాకా అరబ్బుల సమస్యగా ఉన్నది ఇండోనేషియా నుంచి మొరాకో దాకా ముస్లింలందరి సమస్య అయింది. బలం పెరిగింది నిజమే. రాజీకి ఒప్పించాల్సినవాళ్ల సంఖ్య కూడా పెరిగింది.

మన వైపు పొలం పంచాయితీలు చూసినవాళ్లకు ఇక్కడ జరిగింది తేలిగ్గా అర్థమవుతుంది. ఎనిమిదెకరాల చేను పంచాలంటే పెద్దమనుషులు కూర్చుని బావి ఎవరికి, దారి ఎటు అని ఎట్లాగో తేలుస్తారు. ఒకరికి మంచి నేల తక్కువొస్తే డబ్బు కలిపిస్తారు. అదే చేను మధ్యలో ఇద్దరికీ ఇలవేల్పైన రాయి ఉందనుకోండి. దానికి ఇంత అని వెల కట్టినవాడు ఆ రోజుతో పెద్దమనిషి కాకుండా పోతాడు.

బెగిన్ సంగతి చూడండి. పట్టుదలకు పేరుపడ్డ ఇజ్రాయెల్ ప్రధానమంత్రి. 1979లో ఈజిప్టుతో సంధి చేసుకుని 1982కల్లా సినాయ్ దాదాపు మొత్తం తిరిగిచ్చేశాడు, అక్కడ కట్టిన యామిత్ పట్టణాన్ని కూలగొట్టించి మరీ. చమురున్న నేల, విస్తీర్ణంలో వెస్ట్ బ్యాంక్ కంటే ఎన్నో రెట్లు పెద్దది. అదే బెగిన్ వెస్ట్ బ్యాంక్‌లో అంగుళం ఇవ్వనన్నాడు. సైన్యం లెక్కలు కొంత ఉన్నాయి, కాదనను. కానీ యూదులు తమ మూలపురుషుడనే అబ్రహాం సమాధి ఉన్నది వెస్ట్ బ్యాంక్‌లోని హెబ్రోన్‌లో, సినాయ్‌లో కాదు.

అవతలి పక్కన, ముస్లిం బ్రదర్‌హుడ్ లోంచి 1987లో పుట్టిన హమాస్, మరుసటి ఏడాది తన చార్టర్‌లో పాలస్తీనా మొత్తం ప్రళయకాలం దాకా ముస్లింల వక్ఫ్ భూమి, అందులో ముక్క కూడా వదులుకునే హక్కు ఎవరికీ లేదని రాసుకుంది. వక్ఫ్ ఆస్తి అమ్మకానికి రాదని కడపలో ఎవరినడిగినా చెబుతారు. ఆ నియమాన్ని తీసుకెళ్లి ఒక దేశమంత నేలకు అంటగట్టారు.

దీని ఫలితం ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకత్వాల మధ్య 1993లో కుదిరిన ఓస్లో ఒప్పందం తర్వాత కనిపించింది. ఇజ్రాయెల్ ప్రధాని రాబిన్, పాలస్తీనా నాయకుడు అరాఫత్ చేతులు కలిపిన ఆర్నెల్లలోపే, 1994 ఫిబ్రవరి 25న, బరూచ్ గోల్డ్‌స్టీన్ అనే డాక్టర్ హెబ్రోన్‌లో అబ్రహాం సమాధి ఉన్న ఇబ్రహీమీ మసీదులో నమాజులో ఉన్న 29 మందిని కాల్చి చంపాడు. రంజాన్ నెల, యూదులకు పూరీమ్ పండగ. ఏప్రిల్ నుంచి హమాస్ ఆత్మాహుతి దాడులు ఇజ్రాయెల్ బస్సుల్ని తాకాయి. 1995 నవంబరు 4న రాబిన్‌ను చంపింది యిగాల్ అమీర్, మతనిష్ఠ గల లా విద్యార్థి. తన జనాన్ని శత్రువుకు అప్పగించేవాణ్ణి చంపొచ్చని మతశాస్త్రం చెబుతుందని వాదించాడు. రెండు పక్కలా ఒప్పందాన్ని దెబ్బతీసినవాళ్లు కొద్దిమందే. అయితే వాళ్లు బేరసారాలకు లొంగరు. 2000 జులైలో అమెరికాలోని క్యాంప్ డేవిడ్‌లో అప్పటి ఇజ్రాయెల్ ప్రధాని బరాక్, అరాఫత్ చాలా అంశాల్లో తేలకుండానే విడిపోయారు కానీ, అన్నిటికంటే గట్టిగా బిగుసుకున్నది అల్ అక్సా ప్రాంగణం మీద సార్వభౌమాధికారం ఎవరిదన్న దగ్గర.

2023 అక్టోబరు 7 దాడికి హమాస్ పెట్టుకున్న పేరు కూడా అల్ అక్సా పేరే. ఆ దాడిలో సుమారు 1200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. ఆ వెంటనే ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు బైబిల్లో యూదులకు శత్రుజాతి అయిన అమాలేకీయుల్ని గుర్తుచేశాడు. తర్వాత గాజాలో పదుల వేలమంది చచ్చిపోయారు. ఇంత మతభాష మధ్య కూడా ఒక విచిత్రం చూడండి: ఇజ్రాయెల్‌లో అందరికంటే నిష్ఠగా ఉండే హరేదీ యువకులు సైన్యంలో చేరబోమంటున్నారు. వాళ్లకిస్తున్న మినహాయింపు చెల్లదని 2024 జూన్‌లో సుప్రీంకోర్టు చెబితే రోడ్ల మీదికొచ్చారు. వెస్ట్ బ్యాంక్‌లో అతిపెద్ద కాలనీ మొదీన్ ఇల్లిత్ కూడా వాళ్లదే. అక్కడికి వాళ్లను రప్పించింది దేవుడి వాగ్దానం కంటే ముందు చౌకగా దొరికే ఇల్లు.

మీ మూడో ప్రశ్నకు వస్తాను. మతాన్ని పక్కన పెడితే తీరుతుందా? మన కడపలో ఉగాది రోజు దేవుని కడప గుడికి ముస్లింలు బారులు తీరి రావడం మీరు చూసే ఉంటారు. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడపిల్ల, వెంకటేశ్వరస్వామి మా అల్లుడు అంటారు. దీన్ని చూపించి మనవాళ్లు గొప్పలు పోతుంటారు, చూడండి మాకెంత సామరస్యమో అని. నాకు అందులో కనిపించేది వేరు. ఆ నమ్మకం చుట్టూ ఎవరి ఇల్లూ పోలేదు, ఎవరి ఓటూ గల్లంతు కాలేదు. అట్లా పోయిన రోజున ఏ నమ్మకమైనా ఎట్లా మారుతుందో మన దేశంలోనే చూశాం.

కాబట్టి మతం తీసేసినా ఆ సమస్య అట్లాగే ఉంటుంది. ఐరాస దగ్గర శరణార్థులుగా నమోదైనవాళ్లు దాదాపు 59 లక్షలు. వెస్ట్ బ్యాంక్‌లో ఓస్లో లెక్క ప్రకారం సుమారు 60 శాతం భూమి పూర్తిగా ఇజ్రాయెల్ అదుపులో ఉన్న సి ఏరియా. తూర్పు జెరూసలేం కాకుండానే అక్కడ దాదాపు ఐదు లక్షలమంది యూదులు స్థిరపడ్డారు. నీళ్లు, రోడ్లు, చెక్‌పోస్టులు ఉండనే ఉన్నాయి. వీటిలో ఏదీ ఏ గ్రంథంలోనూ లేదు.

అట్లాగని మతాన్ని గది బయట నిలబెట్టి మాట్లాడుకోవడం కూడా పనిచేయలేదు. ఓస్లోలో మంతనాలు చేసిందంతా దౌత్యవేత్తలు, ప్రొఫెసర్లు. భక్తుల్ని ఒప్పించగలిగే భాష వాళ్ల దగ్గర లేదు. ఉన్నవాళ్లు లేరా అంటే ఉన్నారు. రబ్బీ ఒవాదియా యోసెఫ్, ప్రాణాలు దక్కుతాయంటే నేల వదులుకోవచ్చు, ప్రాణం నిలబెట్టడం అంతకంటే పెద్ద ధర్మమని 1970ల చివర్లోనే తీర్పు చెప్పాడు. ఆయన పార్టీ షాస్ సభ్యుల్లో ఎక్కువమంది 1993లో ఓస్లో మీద ఓటింగ్‌లో తటస్థంగా ఉండిపోవడం వెనుక ఆ తీర్పు ప్రభావం ఉంది. (అరబ్బుల గురించి చాలా దారుణంగా మాట్లాడిందీ ఈయనే, తర్వాత ఆ తీర్పుకు షరతులు పెట్టిందీ ఈయనే. సాధువని చెప్పడం లేదు.) తెకోవా కాలనీ రబ్బీ మెనాహెమ్ ఫ్రోమన్ ఏకంగా హమాస్ స్థాపకుడు షేక్ యాసీన్‌తో కూర్చుని మాట్లాడాడు. నేల మాది కాదు, మనిద్దరం నేలకు చెందినవాళ్లమన్నది ఆయన ధోరణి. చాలామంది ఆయన్ని పిచ్చివాడన్నారు. హమాస్ కూడా 2017 పత్రంలో, ఇజ్రాయెల్‌ను గుర్తించకుండానే, 1967 సరిహద్దుల్లో రాజ్యాన్ని ఒప్పుకునే మాట రాసింది. వక్ఫ్ మాట మీద అంత బిగుసుకున్నవాళ్లే సందు వెతుక్కోగలిగారు.

ఈ సందులు పనిచేసేది "ఎవరిది?" అన్న ప్రశ్నను వాయిదా వేసినప్పుడే. 1994 హత్యాకాండ తర్వాత హెబ్రోన్‌లో ఆ మసీదున్న సమాధి భవనాన్ని ముస్లింలకు, యూదులకు రెండుగా పంచారు. ఏడాదిలో పది రోజులు మొత్తం భవనం ముస్లింలకు, ఇంకో పది రోజులు మొత్తం యూదులకు. సొంతదారు ఎవరో ఆ ఏర్పాటు చెప్పదు. జెరూసలేంలో క్రీస్తు సమాధి ఉందని నమ్మే చర్చిలో క్రైస్తవ శాఖలు తమలో తాము పడకపోవడంతో తాళంచెవి, తలుపు తీసే పని శతాబ్దాలుగా రెండు ముస్లిం కుటుంబాల దగ్గరున్నాయి. చర్చి ఏర్పాటు అందరూ ఒప్పుకున్న ఆచారం మీద నడుస్తోంది. హెబ్రోన్‌ది సైనికుల తుపాకుల మధ్య నడుస్తోంది, దాన్ని పాలస్తీనియన్లు న్యాయమని ఎప్పుడూ అనలేదు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే ఈ తేడా రాయండి. మీ మామయ్యను మాత్రం, అంతా భూమి గొడవే అయితే బెగిన్ సినాయ్ ఇచ్చి హెబ్రోన్ ఎందుకివ్వలేదో అడగండి.